చక్కెర మొక్కకు తిండి మాత్రమే కాదు, కబురు కూడా: పెరుగుదలపై అపోహలు, వాస్తవాలు

అపోహ: కొన తుంచితే ఆక్సిన్ (కొనలో తయారై పక్క మొగ్గలను అణచి ఉంచే హార్మోన్) ఆగిపోతుంది, పక్క కొమ్మలు రావడానికి అదొక్కటే కారణం.

వాస్తవం: ఇది సగం నిజమే. ఆక్సిన్ కాండంలో గంటకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున కిందికి దిగుతుంది. కానీ పొడవాటి బఠానీ మొక్క కొన కోస్తే, ఎక్కడో కింది కణుపులో నిద్రపోతున్న మొగ్గ కొన్ని గంటల్లోనే కదులుతుంది. అక్కడ ఆక్సిన్ తగ్గడానికి ఆ కాస్త సమయం చాలదు. 2014లో వెలువడిన బఠానీ ప్రయోగాలు ఈ ముడి విప్పాయి. ఎదిగే కొన చక్కెరను తనవైపు లాగేసుకుంటుంది. దాన్ని తీసేయగానే ఆ చక్కెర పక్క మొగ్గలకు మళ్లుతుంది, వాటిని లేపే కబురు అదే. కొన కోయకుండా చక్కెర అందించినా మొగ్గలు లేచాయి. లేచిన మొగ్గ కొమ్మగా సాగడంలో ఆక్సిన్ పాత్ర ఆ తర్వాత వస్తుంది.

అందుకే కొన తుంచేటప్పుడు మెత్తటి చిగురును, విచ్చీ విచ్చని ఆకులను మాత్రమే గిల్లాలి. కింద కనీసం మూడు నాలుగు ముదిరిన ఆకులు ఉండనివ్వాలి. వాటినీ దూసేస్తే మొగ్గలకు చక్కెర పంపేదెవరు?

అపోహ: కింది ముదురు ఆకులు మొక్క తిండి తినేస్తాయి, తీసేయాలి.

వాస్తవం: తినేది లేత ఆకే. తన పూర్తి సైజులో మూడో వంతు నుంచి సగం దాకా ఎదిగే వరకు అది చక్కెరను దిగుమతి చేసుకుంటుంది. మార్పు కొన నుంచి మొదలవుతుంది: ఆకు కొన ఎగుమతి చేస్తుంటే తొడిమ వైపు భాగం ఇంకా అడుగుతూనే ఉంటుంది. ఒకసారి ఎగుమతికి మారిన ఆకు నీడలో పడినా మామూలుగా మళ్లీ దిగుమతికి తిరగదు. పండిపోతూ తనలోని నత్రజనిని పైకి పంపేస్తుంది. తెగులు సోకితేనో, గాలి ఆడకపోతేనో తీయండి. పచ్చగా ఉన్న ఆకును తీయకండి.

అపోహ: ఇంట్లో మొక్కలకు పెట్టే లైట్లు ఎప్పుడు వెలిగించినా మొత్తం గంటలు సరిపోతే చాలు.

వాస్తవం: మొక్క పగలు దాచిన పిండిపదార్థాన్ని రాత్రంతా లెక్కగా ఖర్చుపెడుతుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో తెల్లవారేసరికి నిల్వ దాదాపు అయిపోతుంది. ఏ రోజైనా 12 గంటల వెలుగుకు బదులు 8 గంటల వెలుగు తర్వాతే చీకటి పడితే, ఆ రాత్రే ఖర్చు వేగం తగ్గించి, ఉన్నదాన్ని ఉదయం దాకా సర్దుకుంటుంది. ఎందుకంటే దానిలోని 24 గంటల గడియారానికి తెల్లవారే వేళ తెలుసు. కానీ ఆ వేళకు వెలుగు రాకపోతే మాత్రం నిల్వ ఖాళీ, ఎదుగుదల ఆగుతుంది. కాబట్టి టైమర్‌లో లైట్లు వెలిగే వేళను రోజూ ఒకేలా ఉంచండి. 

అపోహ: పగటి నిడివి కుదిరితే పూత వచ్చేస్తుంది.

వాస్తవం: చేతిలో చక్కెర ఉందో లేదో కూడా మొక్క చూసుకుంటుంది. చక్కెర నిల్వను తెలిపే ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్ అనే పదార్థం సరిగా తయారుకాని అరబిడాప్సిస్ మొక్కలు, అనుకూలమైన పొడవు పగళ్లలో కూడా చాలా ఆలస్యంగా పూస్తాయని 2013లో తేలింది. గుబురు నీడలో పెరిగే మొక్క పూత వాయిదా వేస్తే ముందు వెలుతురు చూడండి. అక్కడ నత్రజని దట్టిస్తే ఆకే పెరుగుతుంది.

అపోహ: మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయి.

వాస్తవం: శ్వాసక్రియ 24 గంటలూ నడుస్తుంది. వెచ్చదనం పెరిగితే దాని వేగమూ పెరుగుతుంది. రాత్రి ఉక్కగా ఉంటే మొక్కలు సన్నగా సాగిపోవడానికి ఇదొక కారణం.