షాంపేన్ సీసాకు అన్ని వందల యూరోలు ఎందుకు?

డోమ్ పెరిన్యోన్ అనే షాంపేన్ సీసా ఇవాళ 200 యూరోలు దాటింది. దాన్ని తయారుచేసే మోయె ఎ షాందోన్ సంస్థ మామూలు షాంపేన్ అందులో దాదాపు నాలుగో వంతుకే దొరుకుతుంది. రెండూ ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు ద్రాక్షతో, ఒకే పద్ధతిలో చేసినవే. ఇలాంటి ఖరీదైన సీసాలను 'ప్రెస్టీజ్ కువే' అంటారు. ఒకే ఏటి పంటతో చేసినదాన్ని వింటేజ్ అంటారు. వింటేజ్ కాని షాంపేన్‌ను కనీసం 15 నెలలు, వింటేజ్‌ను కనీసం 3 ఏళ్లు నేలమాళిగలో ఉంచాలని నిబంధనలున్నాయి కానీ, ప్రెస్టీజ్ కువే అంటే ఇదీ అని చట్టంలో ఎక్కడా లేదు. అందుకే ఆ ధరలో దేనికెంత అన్నది తేలాలంటే పాత సంగతుల్లోకి వెళ్లాల్సిందే.

కథ 1876లో రష్యా జార్ రెండో అలెగ్జాండర్ దగ్గర మొదలైంది. తన విందుబల్ల మీది సీసా అందరి సీసాల్లా ఉండకూడదని ఆయన కోరితే, లూయీ రోడెరర్ సంస్థ పారదర్శకమైన స్ఫటికపు సీసా చేయించింది. దాని అడుగు చదునుగా ఉంటుంది. బాంబు దాచే చోటు లేకుండా అలా చేయించారని చెప్పుకుంటారు. అదే క్రిస్టాల్. అయితే వెలుతురు తగిలితే షాంపేన్ రుచి పాడవుతుంది. అందుకే ఈనాటికీ ఆ సీసాకు పసుపుపచ్చ సెల్లోఫేన్ కాగితం చుట్టే అమ్ముతున్నారు. 1917 విప్లవంతో రష్యా మార్కెట్ పోయింది. క్రిస్టాల్ మామూలు కొనుగోలుదారులకు అందింది 1945 పంటతోనే.

డోమ్ పెరిన్యోన్ పుట్టుక ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆ పేరుగల సన్యాసి 1668 నుంచి 1715 దాకా ఓవిలర్ మఠంలో ఉన్నారు. షాంపేన్‌లో బుడగలు ఆయన కనిపెట్టినవి కావు. ఆయన నేర్పంతా ద్రాక్షను ఎంచడంలో, కలపడంలో ఉంది. ఆయన పేరు మీది హక్కు మెర్సియె సంస్థ నుంచి మోయెకు వచ్చింది. ఆర్థిక మాంద్యంతో అమ్మకాలు పడిపోయిన 1930లలో 1921 పంటను ఆ పేరుతో బయటికి తెచ్చారు, 1936లో న్యూయార్క్‌కు పంపారు. అప్పట్లో ఆ సీసాలో ఉన్నది మోయె వారి మామూలు వింటేజ్ షాంపేనే. దాన్ని ఎక్కువ కాలం నిల్వ ఉంచి, 18వ శతాబ్దపు ఆకారంలో చేసిన సీసాల్లోకి మార్చేవారు. 1943 పంట దాకా ఇదే పద్ధతి. అంటే ఆ ధరలో పేరు, సీసా, వయసు మొదటి నుంచీ కలిసే ఉన్నాయి.

ఆ దారిలోనే తెతాంజే వారి కోంత్ ద షాంపేన్ 1952 పంటతో, లోరాన్ పెరియె వారి గ్రాన్ సియెక్ల్ 1959లో వచ్చాయి. తర్వాత దాదాపు ప్రతి పెద్ద సంస్థా ఒకటి తెచ్చింది. సలోన్ అనే షాంపేన్ తీరు మాత్రం వేరు. ఎమె సలోన్ దాన్ని మొదట తనకోసం, స్నేహితుల కోసం చేసుకున్నారు. ఒకే ఊరు, ల మెనిల్. ఒకే ద్రాక్ష, షార్డొనే. అదీ పంట బాగున్న ఏళ్లలోనే. 20వ శతాబ్దం మొత్తంలో వచ్చినవి 37 వింటేజ్‌లే. అది నిజంగానే అరుదు. లక్షల సీసాల్లో తయారయ్యే డోమ్ పెరిన్యోన్‌ను అరుదైనదని అమ్మడం నాకు మింగుడుపడదు.

ఇక ఖర్చు. 75 సెంటీలీటర్ల సీసాకు సుమారు 1.2 కిలోల ద్రాక్ష పడుతుంది. కిలో 6, 7 యూరోలు పలికినా పది యూరోలు దాటదు. అసలు ఖర్చు కాలానిది. సీసాలో రెండోసారి పులిసిన తర్వాత ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిగా పేరుకుంటుంది. ఆ మడ్డి మీద ఏళ్ల తరబడి ఉంచితేనే కాల్చిన రొట్టె, బాదం వంటి వాసనలు వస్తాయి, బుడగలు సన్నబడతాయి. ఎనిమిదేళ్లో పదేళ్లో సొమ్ము నేలమాళిగలో ఇరుక్కుపోతుంది. మిగిలినదంతా పేరుకు, ప్రచారానికి, లాభానికి పోతుంది.

నన్ను అడిగితే క్రుగ్ సంస్థ చేసే గ్రాండ్ కువేకు ఓటేస్తాను. పదికి పైగా వేర్వేరు ఏళ్ల పంటల నుంచి 120కి మించిన వైన్లు కలిపి, దాదాపు ఏడేళ్లు నిల్వ ఉంచుతారు. మొదటి పులియబెట్టడం చిన్న ఓక్ పీపాల్లో జరుగుతుంది. ఆ పనికి ఆ ధర తగినదే. వెనక లేబుల్ మీద ఆరంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి అంకె, సీసా నేలమాళిగ దాటిన త్రైమాసికం. తర్వాతి రెండు, ఆ సంవత్సరం. అది చూసి కొంటే సీసా బయటికొచ్చి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది.

డోమ్ పెరిన్యోన్‌ను మాత్రం మార్కెట్‌లోకి వచ్చీ రాగానే తెరిస్తే ఆ డబ్బు దండగ అంటాను. ఓపిగ్గా పదేళ్లు దాచుకోగలిగినవారే దాన్ని కొనాలి. సుమారు 15 ఏళ్లు మడ్డి మీదే ఉంచిన అదే వింటేజ్‌ను ఆ సంస్థ 'పి2' పేరుతో దాదాపు రెట్టింపు ధరకు అమ్ముతోంది. ఆ నిరీక్షణ విలువ దానికీ బాగా తెలుసు.