చైనా రేవులో పోగుపడిన పడమటి కబుర్లు

సిసిలీ దీవిలో ఒక కొండ ఉంది, దాని మీద లోతైన గుంట ఉంది, ఏడాది పొడవునా అందులోంచి నిప్పు వస్తూనే ఉంటుంది, దూరం నుంచి చూస్తే పొద్దున పొగలా, సాయంత్రం మంటలా కనిపిస్తుంది. అక్కడివాళ్లు 600 కిలోల దాకా బరువుండే బండరాయిని మోసుకొచ్చి అందులో పడేస్తే కాసేపటికి పేలిపోయి ముక్కలు ముక్కలుగా పైకి ఎగజిమ్ముతుంది. ఐదేళ్లకోసారి నిప్పూ రాళ్లూ కలిసి పొర్లుతూ సముద్రం ఒడ్డు దాకా పోతాయి, దారిలో చెట్లు కాలవు కానీ రాళ్లు మాత్రం బూడిదైపోతాయి.

ఎట్నా అగ్నిపర్వతం గురించిన ఈ వర్ణన ఇటలీవాళ్లు రాసింది కాదు. 1225లో చైనా ఆగ్నేయ తీరంలోని చువాన్‌జౌ రేవులో విదేశీ వ్యాపారాన్ని చూసుకునే అధికారి జావో రుగువా రాసిపెట్టింది. తను వెళ్లి చూసింది కాదని ఆయనే ముందుమాటలో దాచకుండా చెప్పాడు. సాంబ్రాణి, దంతం, పగడాలు దించుకోవడానికి వచ్చిన పరదేశీ వర్తకులను కూర్చోబెట్టి, మీ దేశం పేరేంటి, ఎన్ని రోజుల దారి, జనం ఎలా ఉంటారు, ఏం పండుతుంది అని అడిగి, వాళ్లు చెప్పింది చైనా భాషలోకి మార్పించి రాసుకున్నాడు. 1178లో జౌ చూఫెయ్ అనే ఇంకో అధికారి రాసిన పుస్తకం నుంచి కూడా చాలా భాగం ఎత్తుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

మన అమరావతి వైపు దాకా వచ్చిన హుయాన్‌త్సాంగ్ లాంటివాళ్లు చైనాలో ఉన్నా, మధ్యధరా సముద్రం గురించి చైనాకు తెలిసినదంతా దాదాపు ఇలా నోటిమాటగా వచ్చిందే. కబురు ఎవరు చెబుతున్నారు, అలా చెప్పడంలో వాళ్లకేం లాభం అన్నది పట్టుకుంటే ఈ పాత పుస్తకాలు భలే రుచిగా ఉంటాయి.

దీనికి మొదటి ఉదాహరణ చాలా పాతది. క్రీ.శ. 97లో మధ్య ఆసియాలో ఉన్న చైనా సేనాని బాన్ చావ్, గాన్ యింగ్ అనే దూతను రోమ్‌కి పంపాడు. వాళ్లు రోమ్‌ని దా చిన్ అనేవారు. గాన్ యింగ్ ఇప్పటి ఇరాన్ ప్రాంతాన్ని ఏలిన పార్థియా రాజ్యం అంతా దాటి ఒక పెద్ద సముద్రం ఒడ్డుకు చేరాడు, అది పర్షియన్ గల్ఫ్ అని ఎక్కువమంది పండితుల అంచనా. అక్కడి ఓడవాళ్లు ఆయనతో ఏమన్నారంటే, గాలి బాగుంటే మూడు నెలల్లో దాటొచ్చు, గాలి తేడా కొడితే రెండేళ్లు పడుతుంది, అందుకే వెళ్లేవాళ్లందరూ మూడేళ్లకు సరిపడా తిండి తీసుకెళ్తారు, పైగా ఆ సముద్రం మీద మనిషికి ఇంటి మీద బెంగ పట్టుకుంటుంది, ఆ బెంగతోనే కొందరు చచ్చిపోతారు అని. గాన్ యింగ్ అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు. ఈ కథ ఉన్న చైనా హాన్ వంశ చరిత్రలోనే ఇంకో చోట, రోమ్ రాజులు చైనాకు దూతలను పంపాలనుకున్నా పట్టు వ్యాపారం చేజారుతుందని పార్థియన్లు అడ్డుపడేవారని ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఓడవాళ్ల జాలి ఎక్కడి నుంచి పుట్టిందో తెలిసిపోతుంది.

166లో రోమ్ రాజు 'అందున్' పంపాడంటూ కొందరు ఇప్పటి వియత్నాం మీదుగా వచ్చారు. మార్కస్ ఆరీలియస్ ఆంటోనినస్ అయ్యుండాలి. తెచ్చిన కానుకలేమో దంతం, ఖడ్గమృగం కొమ్ము, తాబేటి చిప్ప, అన్నీ దారిలో దొరికే సరుకులే. రోమ్ నుంచి వచ్చామంటున్నారు, ఒక్క రత్నమూ లేదేంటని చైనా చరిత్రకారుడికే అనుమానం వచ్చింది. వీళ్లు దూతలు కాదు, దూతలమని చెప్పుకున్న వర్తకులు అనే నా అనుమానం కూడా.

కబురు చేతులు మారేకొద్దీ ఏమవుతుందో చూడాలంటే గొర్రె కథ ఉంది. దా చిన్‌లో 'నీటి గొర్రె' బొచ్చుతో సన్నటి బట్ట నేస్తారట. కొన్ని శతాబ్దాల తర్వాత, తాంగ్ వంశ చరిత్రకు వచ్చేసరికి, బైజాంటియంలో, అంటే తూర్పు రోమ్ సామ్రాజ్యంలో, గొర్రెపిల్లలు నేలలోంచే మొలుస్తాయి, బొడ్డుతాడు నేలకు అతుక్కునే ఉంటుంది, దాన్ని కోస్తే పిల్ల చస్తుంది కాబట్టి చుట్టూ గుర్రాల మీద తిరుగుతూ డప్పులు కొట్టి బెదరగొడితే తనే తెంపుకుంటుంది అని తయారైంది. నవ్వుకోవచ్చు గానీ, మధ్యధరా సముద్రంలో ఒక పెద్ద ఆల్చిప్ప ఉంది, అది సన్నటి పోగులతో సముద్రపు అడుగుకు అతుక్కుని ఉంటుంది, ఆ పోగులతో నిజంగానే బంగారు రంగు బట్ట నేసేవాళ్లు. నీటి గొర్రె అదేనని, నేలకు అతుక్కున్న బొడ్డుతాడు కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుందని చాలామంది అంటారు. అటువైపు రోమ్‌లో ప్లినీ అనే రచయిత, పట్టును చైనావాళ్లు అడవిలో చెట్ల ఆకుల మీద నుంచి దువ్వి తీస్తారని రాసుకున్నాడు.

జావో రుగువా కాలానికి ఒంటెల దారి కంటే ఓడల దారి జోరందుకుంది, కబుర్లు కూడా మెరుగుపడ్డాయి. అలెగ్జాండ్రియా దీపస్తంభం ఆయన పుస్తకంలో ఉంది. ఎత్తు మాత్రం దాదాపు 600 మీటర్లు చేసేశాడు, అసలుది 100 మీటర్లకు కాస్త పైన. దాని కొన మీద శత్రువుల ఓడలను ముందే పట్టించే పెద్ద అద్దం ఉండేదట. ఒక పరదేశి వచ్చి పని అడిగి, ఊడ్చుకుంటూ నీళ్లు చల్లుకుంటూ ఏళ్ల తరబడి నమ్మకంగా ఉండి, ఒకరోజు ఆ అద్దాన్ని దొంగిలించి సముద్రంలో పారేసి ఉడాయించాడట. అద్దం గురించి అరబ్బు రచయితలూ ఇలాంటి కథే చెప్పారు, అంటే కబురు ఎవరి నోటి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక చైనావాళ్లు కొలంబస్ కంటే ముందే అమెరికా వెళ్లారు, లేదా అరబ్బులు వెళ్లారు అనే కథలకు మూలం కూడా కొంత ఈ పుస్తకంలోనే ఉంది. అరబ్బుల పెద్ద ఓడలు పడమటికి 100 రోజులు పోయి ములన్‌పి అనే దేశం చేరతాయి, ఒక్కో ఓడలో వేల మంది, మగ్గాలు కూడా ఉంటాయి, అక్కడ గోధుమ గింజ మూడు అంగుళాలు అని ఉంది. 1961లో ఒక వృక్షశాస్త్రవేత్త ఆ గోధుమ మొక్కజొన్నేనని, ములన్‌పి అమెరికానేనని వాదించాడు. నాకైతే ఇది నిలబడేలా లేదు. ఓడ బయల్దేరేది ఈజిప్టులోని డమియెట్టా రేవు నుంచి, అంటే మధ్యధరా సముద్రంలోంచి. ములన్‌పి అంటే స్పెయిన్‌నూ మొరాకోనూ ఏలిన అల్మొరావిద్‌లు, అరబ్బీలో అల్ మురాబితూన్. వాళ్ల రాజ్యం 1147లోనే పడిపోయింది, చువాన్‌జౌ రేవులో మాత్రం 1225లోనూ ఆ పేరే నడుస్తోంది.

అదే ములన్‌పి అధ్యాయం చివర్లో రెండు ముక్కలున్నాయి. అక్కడి నుంచి నేల మీద 200 మజిలీలు నడిస్తే పగలు ఆరు గంటలే ఉంటుంది అన్నది మొదటిది. భూమి అక్షం వాలి ఉంది కాబట్టి శీతాకాలంలో ఉత్తరానికి పోయేకొద్దీ పగలు తగ్గుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర, అంటే ఓస్లో ప్రాంతంలో, డిసెంబరులో దాదాపు ఆరు గంటలే మిగులుతుంది. రెండోది, శరదృతువులో పడమటి గాలి లేచిందంటే మనుషులూ పశువులూ వెంటనే నీళ్లు తాగాలి, కాస్త ఆలస్యమైనా దాహంతో చస్తారు అన్నది. ఇది సహారా ఎడారి అంచున ఉండేవాళ్ల మాటలా ఉంది. అల్మొరావిద్‌ల రాజ్యం సహారా నుంచి స్పెయిన్ దాకా పరుచుకుంది కాబట్టి, ఉత్తరపు చలిదేశాల కబురు విన్న వర్తకుడెవరో ఒకడు, ఎడారి గాలి తిన్నవాడు ఇంకొకడు చెప్పి ఉంటారు. జావో రెండింటినీ ఒకే దేశం ఖాతాలో వేసి రాసేశాడు.