కౌంటర్ అంకెను నమ్మి మోసపోకండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ట్రైటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన థైమిడిన్‌ను, అంటే కణాలు డీఎన్ఏలోకి చేర్చుకునే ముడిసరుకును, ఎలా దాచాలో రాస్తున్నాను. కణాలు కొత్త డీఎన్ఏ ఎంత తయారుచేస్తున్నాయో కొలిచే సరుకు ఇది. ట్రైటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, ఏడాదికి తరిగేది ఐదున్నర శాతమే. రేడియోధార్మికతను కొలిచే కౌంటర్‌లో అంకె పెద్దగా పడిపోలేదు కదా, సరుకు బాగానే ఉందనుకుంటారు. కౌంటర్ లెక్కపెట్టేది ట్రైటియాన్ని. అది ఇంకా థైమిడిన్‌లోనే ఉందా, విరిగిన ముక్కలో ఉందా అన్నది దానికి తెలియదు.

ట్రైటియం విడిచే బీటా కణం (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్) నీటిలో 6 మైక్రోమీటర్లు దాటదు. దాని శక్తంతా ద్రావణంలోనే దిగిపోతుంది. నీటి అణువులు చిట్లి హైడ్రాక్సిల్ రాడికల్స్ (దొరికినదానితో వెంటనే చర్య జరిపే ముక్కలు) పుడతాయి, అవి థైమిడిన్ జంట బంధం మీద పడతాయి. వాటికి ఎరగా 2 శాతం ఈథనాల్ కలుపుతారు. పలచన చేయాలంటే ఉత్త నీళ్లు పోయకండి. సగానికి సగం పోస్తే ఈథనాల్ 1 శాతానికి దిగిపోతుంది. 2 శాతం ఈథనాల్ కలిపిన శుద్ధ జలమే పోయండి. రేడియోధార్మికత మిల్లీలీటరుకు 37 మెగాబెకరెల్ మించనివ్వకండి.

ఎక్కువమంది చేసే తప్పు, చల్లదనం మంచిదే కదా అని −20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టడం. రంగు షర్బత్‌ను గ్లాసులో గడ్డకట్టించి చూడండి: అంచున తెల్లటి మంచు, నడుమ చిక్కటి రంగు. మెల్లగా పేరుకునే మంచు, కరిగిన పదార్థాన్ని పక్కకు నెట్టేస్తుంది. థైమిడిన్ అణువులు అలా ఒకచోట గుంపుకడితే, ఒకదాని బీటా పక్కదాన్నే కొడుతుంది. అందుకని 2 నుంచి 4 డిగ్రీల మధ్య, గడ్డకట్టకుండా, చీకట్లో ఉంచండి. గడ్డకట్టించక తప్పదంటే ద్రవ నైట్రోజన్‌లో ఒక్కసారిగా చేయాలి. ట్రైటియం బదులు రేడియోధార్మిక కార్బన్-14 తగిలించిన సరుకుకు మాత్రం −20 డిగ్రీలు పనికొస్తాయి, దాని బీటా 0.3 మిల్లీమీటర్ల దాకా పోయి గుంపు దాటిపోతుంది.

సీసా తెరిచిన రోజే శుభ్రమైన చిన్న గొట్టాల్లోకి పంచుకోండి. సూక్ష్మజీవులకు థైమిడిన్ మంచి తిండి. ఈథనాల్ మీ కణాలకు పడకపోతే, వాడే పూటే నైట్రోజన్ గాలితో ఎగరగొట్టండి. ఎండబెట్టి మాత్రం దాచకండి.

వాడేముందు టీఎల్‌సీ పలక (పాకే ద్రావకంతో పదార్థాలను విడదీసే పలుచటి పూత పలక) మీద మీ సరుకు చుక్క పెట్టి, పక్కనే మామూలు థైమిడిన్ చుక్క పెట్టండి. ద్రావకం పలక మీద పైకి పాకాక 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద మామూలు చుక్క ఎక్కడ ఆగిందో చూసి గుర్తుపెట్టుకోండి. మీ సరుకు చుక్క నడిచిన వరుసను సెంటీమీటరు ముక్కలుగా కోసి ఒక్కొక్కటీ కౌంటర్‌లో పెట్టండి. మొత్తం రేడియోధార్మికతలో 95 శాతానికి తక్కువ ఆ గుర్తుపెట్టుకున్న చోట ఉంటే ఆ గొట్టం పక్కన పెట్టేయండి. విరిగిన ముక్కలు ప్రోటీన్లకు అంటుకుని, డీఎన్ఏ లెక్కలో కలిసిపోతాయి.

మీ తాతయ్య