అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో రన్ ఆట: అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక హైస్కూల్ జట్టులో ఆఫెన్సివ్ లైన్ పిల్లలకు, అంటే బంతి ఉన్న జట్టు ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళను అడ్డుకునేవాళ్ళకు, కోచింగ్ ఇస్తాను. సీజన్ మొదలైతే శనివారాలు కాలేజీ మ్యాచ్‌లు, ఆదివారాలు వాటి ఫిల్మ్. పిల్లల్ని ఇక్కడి యూనివర్సిటీల్లో చేర్చాక ఈ ఆట చూడటం మొదలుపెట్టిన తెలుగువాళ్ళు నన్ను అడిగేది ఎక్కువగా ఒకటే: "బంతి పట్టుకుని గుంపులోకి దూరడమేగా, అందులో ఏముందండీ?" ఆ 'రన్', అంటే బంతి విసరకుండా పట్టుకుని పరుగెత్తడమే, నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: లైన్‌లో ఎవరు లావుగా, బలంగా ఉంటే వాళ్ళదే గెలుపు.

వాస్తవం: బలం కావాల్సిందే. కానీ పని జరిగేది కోణంతో, అడుగులతో. 'పవర్' అనే ప్లే (ముందే అనుకున్న ఎత్తు) కుడివైపుకి ఎలా నడుస్తుందో చూడండి. లైన్ నడుమ సెంటర్, అతనికి రెండువైపులా గార్డ్‌లు, వాళ్ళ పక్కన టాకిల్‌లు ఉంటారు. కుడి గార్డ్, కుడి టాకిల్ కలిసి ఎదుటి డిఫెన్సివ్ టాకిల్ మీద పడతారు. ఎదుటి లైన్ చివర నిలబడ్డ డిఫెన్సివ్ ఎండ్‌ను, మన లైన్ వెనక ఉండే ఫుల్‌బ్యాక్ బయటికి నెడతాడు. ఎడమ గార్డ్ తన చోటు వదిలి, లైన్ వెనకనుంచి పరుగెత్తుకొచ్చి, ఆ సందులోంచి డిఫెన్స్ రెండో వరసలో ఉండే లైన్‌బ్యాకర్‌ను అందుకుంటాడు. అతను ఖాళీ చేసిన చోటును సెంటర్ కాస్తాడు. బంతి వెళ్ళే వైపు మనకు ఒక మనిషి పెరిగాడన్నమాట.

ఇందులో అసలు కష్టం కుడి గార్డ్, కుడి టాకిల్ కలిసి ఒక్కణ్ణి నెట్టే డబుల్ టీమ్‌లో ఉంది. తుంటికి తుంటి ఆనించి కదలాలి. మధ్యలో కాస్త సందు కనిపించినా డిఫెండర్ అందులోంచి జారిపోతాడు. చేతులు అతని మీద ఉన్నా, కళ్ళు మాత్రం వెనకాల ఉన్న లైన్‌బ్యాకర్ మీదే ఉండాలి. అతను ఎటువైపు నుంచి వస్తే అటువైపువాడు విడిపోయి అతన్ని పట్టుకోవాలి, మిగిలినవాడు డిఫెండర్‌ను ఒంటరిగా కాయాలి. తొందరపడి విడిపోతే డిఫెండర్ నిలదొక్కుకుంటాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చి, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ను పడేస్తాడు. కబడ్డీలో చెయ్యి చెయ్యి పట్టుకుని కదిలే ఇద్దరు డిఫెండర్లకు ఉండే పొందిక ఇక్కడా కావాలి. రెండు సెకన్లలో అంతా అయిపోతుంది. దీని వెనక నెలల సాధన ఉంటుంది.

అమెరికా సైనిక అకాడమీ ఆడే ఆర్మీ జట్టునే తీసుకోండి. వాళ్ళు రేపు సైనికాధికారులు కావలసిన కుర్రాళ్ళు. పెద్ద యూనివర్సిటీల లైన్‌మన్ అంత బరువుండరు. అయినా 2024లో దేశంలోని ఉత్తమ ఆఫెన్సివ్ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డు వాళ్ళకే వచ్చింది. ఆ ఏడాది 12 మ్యాచ్‌లు గెలిచి, తమ చరిత్రలోనే మొదటి కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) టైటిల్ అందుకున్నారు.

అపోహ: ఏం చేస్తారో ముందే తెలిస్తే ఆపడం తేలిక.

వాస్తవం: 2023 నవంబర్ 11న పెన్ స్టేట్ మైదానంలో మిషిగన్ ఆడిన మ్యాచ్ చూడండి. అధికారిక లెక్కల ప్రకారం రెండో సగంలో మిషిగన్ ఖాతాలో ఒక్క పాస్ కూడా లేదు. చివరి 32 ప్లేలూ రన్‌లే. మధ్యలో విసిరిన ఒక్క పాస్ పెనాల్టీ వల్ల లెక్కలోకి రాలేదు. పాస్ విసరలేక కాదు, పాస్‌లు విసిరే వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జేజే మెకార్తీని మరుసటి ఏడాది ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే తీసుకున్నారు. స్టేడియంలో అందరికీ రన్ అని తెలుసు. ఐనా రన్నింగ్ బ్యాక్ బ్లేక్ కోరమ్ 145 గజాలు లాగాడు, మిషిగన్ 24-15తో గెలిచింది.

ఎదుటివాడికి తెలిసేది "రన్" అన్న ఒక్క ముక్కే. ఏ సందులోకి, ఏ గార్డ్ కదిలి, ఏ ఫార్మేషన్‌లోంచి అన్నది తెలియదు. అవే నాలుగైదు ప్లేలకు ఒకసారి అదనపు లైన్‌మన్‌ను చేరుస్తారు, ఇంకోసారి లైన్ చివర నిలబడే టైట్ ఎండ్‌ను అటునుంచి ఇటు కదిలిస్తారు. డిఫెన్స్ ప్రతిసారీ మనుషుల్ని కొత్తగా లెక్కపెట్టుకోవాలి, మన లైన్‌కి మాత్రం అది రోజూ చేసే పనే. సీజన్‌లో కాలేజీ జట్లకు వారానికి 20 గంటల సాధనే అనుమతిస్తారు. ఆ సమయంలో అన్నీ నేర్చుకుందామంటే ఏదీ వంటబట్టదు. ఐడెంటిటీ అని మేం అనేది ఆ 20 గంటలు ఏ ప్లేల మీద పెట్టాలో తేల్చుకుని, వాటికి కట్టుబడటాన్నే. మీడియా సమావేశంలో "మేం ఫిజికల్‌గా ఆడతాం" అని చెప్పుకున్నంత మాత్రాన ఏ జట్టుకూ అది రాదు.

అపోహ: రన్ అంటే ప్రతిసారీ మూడు గజాలే, కాస్త దుమ్ము.

వాస్తవం: 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో జరిగిన జాతీయ ఫైనల్‌లో వాషింగ్టన్ మీద మిషిగన్ రన్ గజాలు 303. మొదటి క్వార్టర్‌లోనే మిషిగన్ రన్నింగ్ బ్యాక్ డొనొవన్ ఎడ్వర్డ్స్ 41, 46 గజాలు పరుగెత్తి గోల్ గీత దాటి రెండు టచ్‌డౌన్లు కొట్టాడు. సందు మూసేయడానికి డిఫెన్స్ అందరినీ ముందుకు తెచ్చినప్పుడు, ఆ గోడ దాటితే వెనక ఎవరూ మిగలరు.

అపోహ: ఆటగాళ్ళను మైదానం వెడల్పునా పరిచి ఆడే 'స్ప్రెడ్' పద్ధతి వచ్చాక రన్ ఆటకు కాలం చెల్లింది.

వాస్తవం: స్ప్రెడ్‌ను నిలబెట్టిందే రన్. 1990ల్లో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో కోచ్ రిచ్ రోడ్రిగెజ్ 'జోన్ రీడ్' అనే ప్లేకు రూపం ఇచ్చాడు. డిఫెన్సివ్ ఎండ్‌ను ఎవరూ బ్లాక్ చేయరు. అతను లోపలికి వస్తే క్వార్టర్‌బ్యాకే బంతి ఉంచుకుని పరుగెత్తుతాడు, ఆగిపోతే రన్నింగ్ బ్యాక్‌కు ఇచ్చేస్తాడు. ఒక డిఫెండర్‌ను తాకకుండానే ఆటలోంచి తప్పించినట్టు.

అపోహ: ముందు రన్ బాగా సాగితేనే ప్లే యాక్షన్ (రన్‌లా నటించి పాస్ విసరడం) పనిచేస్తుంది.

వాస్తవం: చాలామంది లైన్‌బ్యాకర్లు చూసేది స్కోర్‌బోర్డును కాదు, గార్డ్ కదలికను. లైన్ మొదటి అడుగులు రన్‌లాగే ఉంటే వాళ్ళు ముందుకు వస్తారు. రన్ బాగా సాగుతుంటే ఇంకా మంచిదే.

అపోహ: మ్యాచ్‌కు ఎన్ని రన్ గజాలో చూస్తే జట్టు సత్తా తెలిసిపోతుంది.

వాస్తవం: కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్ శాక్ అయితే, అంటే పాస్ విసిరేలోపే వెనకే పడేస్తే, ఆ నష్టాన్ని రన్ గజాల్లోంచే తీసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు. అందుకే పాస్ ప్రొటెక్షన్ బలహీనంగా ఉన్న జట్టు రన్ కూడా చేతకానట్టు కనిపిస్తుంది. పైగా భారీ ఆధిక్యంలో ఉన్న జట్టు గడియారం కరిగించడానికి ఎలాగూ రన్ చేస్తూనే ఉంటుంది, అక్కడా గజాలు పెరుగుతాయి. నేనైతే ముందు శాక్‌లు పక్కన పెడతాను. తర్వాత స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు, మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఒకటి రెండు గజాలే కావలసి వచ్చినప్పుడు ఎన్నిసార్లు సాధించారో చూస్తాను.