లిజియాంగ్: ఇళ్ళు నిలిచాయి, ఇంటివాళ్ళు వెళ్ళిపోయారు

చైనాకు నైరుతి మూలన, మయన్మార్, లావోస్, వియత్నాంలను ఆనుకుని ఉన్న రాష్ట్రం యున్నాన్. అక్కడ 2,400 మీటర్ల ఎత్తున ఉన్న లిజియాంగ్ పాత పట్నానికి వెళ్ళొచ్చిన వాళ్ళు చాలామంది ఒకే మాట అంటారు: ఊరు చూడముచ్చటగా ఉంది గానీ అందులో ఊరివాళ్ళే కనిపించరు. ఏ సందులోకి తిరిగినా పూలరేకుల బిళ్ళలు, ఎండబెట్టిన జడలబర్రె మాంసం, ఆఫ్రికా డప్పులు అమ్మే దుకాణాలు. వాటిని నడిపేవాళ్ళలో ఎక్కువమంది బయటి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు. మరి తరతరాలుగా ఇక్కడ ఉంటున్న నాషీ తెగ జనం ఏమయ్యారు?

వ్యాపారం ఈ ఊరికి కొత్త కాదు. దక్షిణ యున్నాన్ తేయాకు కంచర గాడిదల మీద టిబెట్‌కు వెళ్ళే దారిలో ఇది పెద్ద మజిలీ. 1382లో మింగ్ చక్రవర్తికి లోబడి ‘ము’ ఇంటిపేరు పొందిన వంశం 1723 దాకా ఇక్కడ పాలించింది. ఊరికి మాత్రం కోటగోడ కట్టలేదు. 1942లో జపాన్ సైన్యం, బర్మా నుంచి చైనాకు సరుకు చేరే బర్మా రోడ్డును తెగ్గొట్టాక, మన కాలింపోంగ్ నుంచి లాసా మీదుగా సరుకు దిగిన సంత కూడా ఇదే. ఆ బేరసారాల్లో చాలావరకు నాషీ ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడిచేవి.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది ఇక్కడి నీటి ఏర్పాటు. ఊరికి ఉత్తరాన ఉన్న నల్ల డ్రాగన్ కొలను ఊటనీరు మూడు పాయలై, ఇళ్ళ గడపల పక్కనుంచే కాలువలుగా పారుతుంది. ఊళ్ళో అక్కడక్కడా మూడేసి తొట్ల బావులున్నాయి. ఊట ఉబికే మొదటి తొట్టి తాగడానికి, అక్కడి నుంచి పొర్లిన నీరు కూరగాయలు కడగడానికి, ఆఖరిది బట్టలుతకడానికి. సంత ముగిసిన సాయంత్రం ఊరి నడుమ ఉన్న సిఫాంగ్ కూడలి పక్క కాలువకు అడ్డుపలక వేస్తే, నీళ్ళు పొంగి రాళ్ళు పరిచిన నేలంతా కడిగి, చెత్తను ఊడ్చుకుపోయేవి. ఈ పద్ధతి నడవాలంటే పై ఇంటివాళ్ళకు కింది ఇంటివాళ్ళ మీద పట్టింపు ఉండాలి. ఊరంటే అసలు అదే.

1986లో చైనా ప్రభుత్వం దీన్ని చారిత్రక నగరాల జాబితాలో చేర్చింది. 1995లో విమానాశ్రయం వచ్చింది. 1996 ఫిబ్రవరి 3న వచ్చిన పెద్ద భూకంపంలో ఆ ప్రాంతంలో 300 మందికి పైగా చనిపోయారు. పాత కొయ్య ఇళ్ళ గోడలు రాలినా, దూలాలు, స్తంభాలు చాలాచోట్ల నిలబడ్డాయి. పునర్నిర్మాణంలో పాత పట్నంలోని కాంక్రీటు కట్టడాలు కొన్నిటిని కూల్చి కొయ్యతోనే కట్టారు, ము వంశపు భవంతిని మళ్ళీ లేపారు. 1997 డిసెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

చిక్కు అక్కడే మొదలైంది. పర్యాటకులు పోటెత్తారు, అద్దెలు పెరిగాయి. ఇంటిని బయటి వ్యాపారికి అద్దెకిచ్చి, కొత్త పట్నంలో నీళ్ళ కుళాయి, కారు నిలిపే చోటు ఉన్న ఫ్లాట్‌లో ఉంటే సుఖమూ డబ్బూ రెండూ వస్తాయి. అలా వెళ్ళిన కుటుంబాలను నేను తప్పుపట్టను. ఇరుకు ఇంట్లో, అర్ధరాత్రి దాకా బార్ల హోరు పక్కన పిల్లల్ని చదివించమని ఏ తల్లికి చెప్పగలం? తప్పంతా కొయ్యను కాపాడే నిబంధనలు రాసి, కాపురాలను కాపాడే నిబంధనలు గట్టిగా రాయని వాళ్ళది. మితిమీరిన వ్యాపారీకరణ మీద యునెస్కో ఆందోళన చెంది 2008లో పరిశీలక బృందాన్ని పంపింది.

పాత పట్నం నిర్వహణకంటూ సందర్శకుల దగ్గర వసూలు చేసే రుసుము ఒక దశలో 80 యువాన్లకు చేరి, 2019లో 50కి తగ్గింది. పర్యాటకుల మీద దౌర్జన్యాలు, మోసాల ఫిర్యాదులు పెరగడంతో 2017లో జాతీయ పర్యాటక శాఖ ఈ ఊరికి తీవ్ర హెచ్చరిక కూడా జారీ చేసింది. ఈలోగా యున్నాన్‌ను కరవు పట్టి, నల్ల డ్రాగన్ కొలను కొన్నేళ్ళు ఎండిపోయింది.

వెళ్ళేవాళ్ళకు నా సలహా: బార్ల వీధిని వదిలేసి, పొద్దున్నే పాత పట్నానికి దక్షిణాన ఉన్న జోంగ్‌యీ సంతకు వెళ్ళండి. ఊరివాళ్ళు కూరగాయలకూ మాంసానికీ ఇంకా వచ్చేది అక్కడికే. తర్వాత ఉత్తరాన ఉన్న బైషా అనే ఊరికి వెళ్ళి, ము పాలకుల కాలపు కుడ్యచిత్రాలు చూడండి. అదీ ఇదే వారసత్వ ప్రాంతంలో భాగం, దాని మీదా ఇప్పుడు ఇదే ఒత్తిడి పడుతోంది. బస చేసేటప్పుడు, ఆ ఇంటి యజమానులు అదే ఇంట్లో ఉంటున్నారో లేదో ముందే అడగండి.