పీచ్‌ట్రీ పరుగు, మన ఎండ గర్వం: కొన్ని అపోహలు, వాస్తవాలు

"మాకు ఎండలు కొత్తేమీ కాదండీ."

ఏటా జూన్‌లో నేను కనీసం పదిసార్లు వినే మాట ఇది. జులై 4న అట్లాంటాలో జరిగే పది కిలోమీటర్ల పరుగు, పీచ్‌ట్రీ రోడ్ రేస్‌కి ఇక్కడి తెలుగువాళ్లు ఇంటిల్లిపాదీ పేర్లు ఇచ్చుకుంటారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలని వాళ్లే నన్ను అడుగుతారు. నేను ఎండ అనే మాట ఎత్తగానే వాళ్లే అడ్డం పడతారు. ఒకాయనది గుంటూరు, ఒకావిడది రామగుండం, ఇంకొకరిది కొత్తగూడెం. ఊరి పేరు చెప్పే తీరు చూస్తే టీకా సర్టిఫికెట్ చూపిస్తున్నారా అనిపిస్తుంది.

నేను ఎమర్జెన్సీ రూమ్‌లో నర్సుని. రేస్ రోజున చాలా ఏళ్లుగా మెడికల్ టెంట్‌లో వాలంటీర్‌గా ఉంటున్నాను. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమందివి బొబ్బలు, పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం. కాసేపు కాళ్లు ఎత్తి పడుకోబెడితే లేచి వెళ్లిపోతారు. వడదెబ్బ అరుదు. కానీ వచ్చిందంటే మిగతావాటిలా కాదు, నిమిషాలు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు. అందుకే మిగతా అపోహల కంటే దీని గురించే ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

అపోహ: ఎండ ఊళ్లో పుట్టి పెరిగాం కాబట్టి మాకు వడదెబ్బ తగలదు.

ఎండను తట్టుకోవడం పుట్టుకతో వచ్చి జీవితాంతం ఉండిపోయే గుణం కాదు, శరీరానికి చేయించే అలవాటు. రోజూ వేడిలో ఒళ్లు వంచి పనిచేస్తే వారం నుంచి రెండు వారాల్లో ఒంట్లో మార్పులొస్తాయి. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. ఆ పని మానేసి చల్లటి గదిలో కూర్చుంటే కొన్ని వారాల్లోనే వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఇరవై ఏళ్ల క్రితం మేలో మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడిన ఒళ్లు ఇప్పుడు లేదు. ఇప్పుడున్నది ఏసీ ఇంట్లోంచి ఏసీ కారెక్కి ఏసీ ఆఫీసుకి వెళ్లే ఒళ్లు. నిజం చెప్పాలంటే, ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో రోజూ రైతుబజారుకి నడిచివెళ్లి, ఇప్పుడు మనవళ్లను చూడ్డానికి ఇక్కడికొచ్చిన నాన్నగారే ఎండ విషయంలో కొడుకు కంటే నయంగా ఉంటారు. (అలాగని ఆయన్ని పరిగెత్తించమని కాదు!)

దీనికి జంటగా ఇంకో మాట ఉంది: "పొద్దున్న ఏడింటికే కదా, ఎండెక్కడుంటుంది?" మనకి వడదెబ్బ అంటే నడినెత్తిన సూర్యుడు, తలమీద తుండుగుడ్డ. పరుగులో వచ్చే వడదెబ్బకి సూర్యుడితో అంత పనిలేదు. పొయ్యి మన ఒంట్లోనే ఉంది. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు నాలుగోవంతే పరుగుకి పోతుంది, మిగతాదంతా వేడి. డెబ్భై కిలోల మనిషి గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తితే సుమారు 700 కేలరీలు ఖర్చవుతాయి. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే ఒంటి వేడి ఆరేడు నిమిషాలకో డిగ్రీ సెల్సియస్ చొప్పున పెరుగుతుంది. దారి ఉంది కాబట్టి బతికిపోతున్నాం. ఆ దారి చెమట. అదీ పడితే చాలదు, ఆరాలి. జులైలో అట్లాంటా పొద్దుటి గాలి తడిగుడ్డ కప్పినట్టు ఉంటుంది. చెమట కారి బూట్లలోకి పోతుంది తప్ప ఆరదు. కారిపోయిన చెమట చల్లబరచదు.

పైగా ఏడింటికి బయల్దేరేది వేగంగా పరిగెత్తేవాళ్లు. మనలాంటి కుటుంబాలకు వచ్చేది వెనక వేవ్‌లు (విడతలవారీగా వదిలే గుంపులు). మొదలయ్యేసరికే ఎనిమిది దాటుతుంది, పూర్తి చేయడానికి గంటన్నరో రెండు గంటలో పడుతుంది. కాబట్టి ఎండా మనకే ఎక్కువ.

ఈ రేస్ దారికి ఇంకో మాయ ఉంది. లెనాక్స్ దగ్గర మొదలయ్యాక దాదాపు మూడు మైళ్లు పల్లమే ఎక్కువ. కాళ్లు వాటంతటవే పరిగెడతాయి, ఎన్నడూ లేనంత బాగా పరిగెడుతున్నాం అనిపిస్తుంది. పీచ్‌ట్రీ క్రీక్ దాటగానే పీడ్‌మాంట్ హాస్పిటల్ వైపు ఎక్కుడు, దాన్నే కార్డియాక్ హిల్ అంటారు. అప్పటికే ఒళ్లు కాగి ఉంటుంది. అక్కడ నడిస్తే సరిపోయేది. కానీ షెపర్డ్ సెంటర్ ముందు వీల్‌చెయిర్లలో కూర్చుని పేషెంట్లు చప్పట్లు కొడుతుంటారు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు, తలకు గాయమైనవాళ్లు. వాళ్ల ముందు నడవడానికి సిగ్గేసి పరిగెత్తానని నాతో చెప్పినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లలో ఒకరు మా బావగారు.

బావగారిది రెంటచింతల. ఆంధ్రాలో ఎండాకాలం రికార్డుల గురించి మాట్లాడితే ఆ ఊరి పేరు రాకుండా ఉండదు, ఆయన రానివ్వరు కూడా. కమింగ్‌లో ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ ఏడాది అక్క, బావగారు, పదిహేనేళ్ల మా అక్క కొడుకు, ముగ్గురూ పేర్లు ఇచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, నార్త్ స్ప్రింగ్స్‌లో కారు పెట్టి మార్టా రైలెక్కారు. ముందు వారమంతా ఆయనకి జలుబు, జ్వరం. తగ్గింది కదా అన్నారు. రాత్రి నిద్ర లేదు. రైల్లో రెండు బాటిళ్ల నీళ్లు తాగి "ఇంక ఏ వడదెబ్బయినా రానీ" అన్నారట. అక్క నడుస్తూ వెనకపడింది, తండ్రీకొడుకులు ముందు పరిగెత్తారు.

టెన్త్ స్ట్రీట్‌లోకి తిరిగాక, ఫినిష్ ఇంకో మూడు వందల మీటర్లుందనగా ఆయన పక్కకి తూలడం మొదలుపెట్టారు. పిల్లాడు చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టారు. ఎవరో నీళ్ల కప్పు ఇస్తే విసిరేసి ఏదో గట్టిగా అన్నారు. "ఏమంటున్నారు?" అని వాలంటీర్లు అడిగితే పిల్లాడు, "తెలుగులో మాట్లాడుతున్నాడు, నాకు అంతగా అర్థం కాదు" అన్నాడు. ఇక్కడ పుట్టిన పిల్లాడు, నాన్న కోపంలో ఏదో తిడుతున్నాడనుకున్నాడు. వాలంటీర్లు కూడా మనిషి బాగానే ఉన్నాడు, భాష వేరనుకున్నారు. అలా కొన్ని నిమిషాలు పోయాయి. చివరికి నిలబడలేక కూలబడితే వీల్‌చెయిర్‌లో టెంట్‌కి తెచ్చారు.

"పిన్నీ, డాడీ తెలుగులో ఏదో అంటున్నాడు, చూడవా" అన్నాడు నన్ను చూసి.

విన్నాను. అది తెలుగు కాదు. ఏ భాషా కాదు.

టెంపరేచర్ 106 దాటింది. మంచునీళ్ల తొట్టిలో మెడదాకా దించాం. పావుగంట తర్వాత కళ్లు తెరిచి, "బట్టలెందుకు తడిపారు?" అన్నారు. ఇది తెలుగే.

ఒంట్లో వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ పైకి పోయి, దాంతోపాటు మనిషి తీరు మారితే అది వడదెబ్బ అని అనుమానించాల్సిందే. చర్మం పొడిగా ఉండాలని చాలామంది అనుకుంటారు. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమటలు కారుతూనే ఉండొచ్చు. బావగారు తడిసి ముద్దయి ఉన్నారు. నుదుటి మీద, చెవిలో, నోట్లో పెట్టే థర్మామీటర్లు పరిగెత్తి వచ్చిన మనిషిలో తప్పుడు లెక్క చూపిస్తాయి. నికరమైన లెక్క మలద్వారం నుంచి తీసేదే. మనవాళ్లు మొహమాటపడతారు. పడకండి.

తీరు మారడమంటే? తూలడం, కారణం లేని కోపం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, ఎక్కడున్నామో తెలియకపోవడం. వీటిని కనిపెట్టగలిగేది డాక్టరు కంటే ముందు ఇంట్లోవాళ్లే. మీ ఆయన మామూలుగా ఎంత విసుక్కుంటారో మీకే తెలుసు, నాకు తెలియదు. అందుకే కుటుంబంతో పరిగెత్తేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇది: ఒకరినొకరు వదలకండి, మాట్లాడిస్తూ ఉండండి. తేడా కనిపిస్తే "మా నాన్న మామూలుగా ఇలా ఉండరు" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పడం పిల్లలకు నేర్పండి.

తర్వాత చేయాల్సింది చల్లబరచడం. ముందు చల్లబరచాలి, హాస్పిటల్ తర్వాత. మసాచుసెట్స్‌లో ఆగస్టులో జరిగే ఫాల్‌మౌత్ రోడ్ రేస్‌లో 18 ఏళ్లలో 274 మందికి పరుగు వడదెబ్బ తగిలితే, అక్కడికక్కడే మంచునీళ్లలో దించి అందరినీ బతికించారు. ఒక్కరు కూడా పోలేదు. అరగంటలోపు వేడి దించితే మనిషి దక్కుతాడు. తొట్టి లేనిచోట 911కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా నీళ్లు కుమ్మరించండి, చంకల్లో, మెడకి, గజ్జల్లో ఐస్ పెట్టండి, విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. టైలెనాల్ (పారాసిటమాల్) వేయకండి, అది జ్వరానికి పనిచేస్తుంది, దీనికి కాదు.

మిగతావి త్వరగా.

"నీళ్లు ఎంత తాగితే అంత మంచిది." కాదు. వేగం పుట్టించే వేడిని నీళ్లు ఆపలేవు, బావగారే సాక్షి. పైగా అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువుంది. దాహమేస్తే తాగండి. స్టేషన్‌లో ఇచ్చే నీళ్లలో రెండో కప్పు నెత్తిమీద పోసుకోండి.

"జేబులో ఉల్లిపాయ." మధ్యాహ్నం పెరుగన్నంలోకి దాచుకోండి.

"బాబాయి బిబ్ (ఛాతీకి పెట్టుకునే రేస్ నంబరు) ఖాళీగా ఉంది, తమ్ముడు పరిగెడతాడు." దయచేసి వద్దు. మీరు పడిపోతే మేం చూసేది ఆ నంబరు వెనకున్న పేరు, వయసు, ఎవరికి ఫోన్ చేయాలన్నది. అరవై ఏళ్ల షుగర్ పేషెంటని రికార్డులో ఉండి, ఎదురుగా పాతికేళ్ల కుర్రాడు స్పృహ లేకుండా ఉంటే మేమేమనుకోవాలి?

"చంటిపిల్లని స్ట్రోలర్‌లో తోసుకెళ్లొచ్చు." ఈ రేస్‌లో స్ట్రోలర్లకు అనుమతి లేదు. చిన్నపిల్లలకు విడిగా పీచ్‌ట్రీ జూనియర్ ఉంది, అది చాలా ముచ్చటగా ఉంటుంది.

ఇంక భయపడేవాళ్ల సంగతి. పోయినసారి ఒకావిడ, "మా పాపకి పన్నెండేళ్లు, ఇవన్నీ విన్నాక టెన్షన్‌గా ఉంది, మానేయమంటారా?" అని అడిగారు. వద్దమ్మా, మానకండి. 1970లో 110 మందితో మొదలైన ఈ పరుగులో ఇప్పుడు అరవై వేల దాకా జనం ఉంటారు. దాదాపు అందరూ ఫినిష్ దాటినవాళ్లకిచ్చే టీషర్టు వేసుకుని నవ్వుకుంటూ ఇంటికెళ్తారు. జూన్ మూడో వారం నుంచి రోజూ పొద్దున బయట నడవండి, జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కాదు. మొదట ఇరవై నిమిషాలు, పది రోజుల్లో గంట. రేస్‌లో పాపతో కబుర్లు చెప్పగలిగే వేగం దాటకండి, ఎక్కుడులో నడవండి. ప్రమాదం ఎంతుందో చెప్పే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు జెండాలు ఉంటాయి. ఎరుపు కనిపిస్తే నడకే, నలుపు కనిపిస్తే ఆగిపోవడమే. వారంలోపు జ్వరం వచ్చి ఉంటే మాత్రం ఈ ఏటికి చప్పట్లు కొట్టే పని పెట్టుకోండి. అలర్జీకి నిద్రమత్తు తెప్పించే మాత్రలు వాడేవాళ్లు, బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టర్ని అడగండి.

బావగారు ఫినిష్ దాటలేదు కాబట్టి ఆ ఏడాది టీషర్టు రాలేదు. మరుసటి ఏడాది అక్క పక్కనే మొత్తం నడిచి, షెపర్డ్ సెంటర్ ముందు ఆగి అందరికీ దణ్ణం పెట్టి, టీషర్టు తెచ్చుకున్నారు. ఇంట్లో ఆ రోజు సంగతి వస్తే మాత్రం ఒప్పుకోరు. తను పిల్లాడితో శుభ్రమైన తెలుగులోనే మాట్లాడానంటారు. ఏం మాట్లాడారో గుర్తులేదట.