పసిబిడ్డ తేలిగ్గా లేచేదే మంచి నిద్ర

"బోర్లా పడుకోబెట్టి చూడవే, కదలకుండా నిద్రపోతాడు" అని పురిటికొచ్చిన కూతురికి విశాఖలో చాలామంది అమ్మలు చెప్తారు. అబద్ధం కాదు. బోర్లా పడుకున్న పసిబిడ్డ నిజంగానే గాఢంగా నిద్రపోతుంది, ఉలిక్కిపడదు, తొందరగా లేవదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే చనిపోవడాన్ని డాక్టర్లు సిడ్స్ అంటారు. రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఇది ఎక్కువ. నిద్రలో ఆక్సిజన్ తగ్గినా, వదిలిన గాలే మళ్లీ పీల్చాల్సి వచ్చినా, మెదడు బిడ్డని లేపేస్తుంది, బిడ్డ తల తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. పుట్టిన మొదటి నెలల్లో మెదడులోని ఈ ఏర్పాటు ఇంకా పూర్తిగా కుదురుకోదు. అలాంటప్పుడు బోర్లా పడుకోబెడితే మొహం పక్కబట్టలకి ఆనుకుని విడిచిన గాలే మళ్లీ లోపలికి పోతుంది, ఒంట్లో వేడి బయటికి పోదు, పైగా నిద్ర గాఢమై అసలు లేవాల్సిన సమయానికి లేవదు. వెల్లకిలా పడుకోబెట్టమని 1991లో బ్రిటన్, 1994లో అమెరికా పెద్ద ఎత్తున ప్రచారం చేశాక అక్కడ ఈ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త మందు రాలేదు, మెషిన్ రాలేదు, పడుకోబెట్టే తీరు మారిందంతే.

"వెల్లకిలా ఉంటే పాలు కక్కి ఊపిరాడదేమో" అనే భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి, కక్కిన పాలు ఊపిరిగొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా తిప్పితే ఆహారనాళమే పైకి వస్తుంది, కక్కినవి ఊపిరిగొట్టం వైపు జారడం తేలికవుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టడమూ వద్దు, ఇట్టే బోర్లాకి దొర్లిపోతారు.

ఇక మన ఊరి ఉక్కపోత. సముద్రపు తేమకి పెద్దవాళ్లకే చెమట ఆరదు, ఏసీ వేశారని బిడ్డకి మాత్రం టోపీ, సాక్సులు, పైన ఉన్ని దుప్పటి! పసిబిడ్డలు వేడిని ఎక్కువగా తల నుంచే వదులుతారు, దాన్ని కప్పేస్తే ఎలా? ఏసీ వేసుకోండి, గాలి మొహం మీదికి కొట్టకుండా చూడండి, మీరు వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువుంటే చాలు. చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయని టెన్షన్ పడకండి, అది మామూలే. మెడ వెనక ముట్టుకుని చూడండి, చెమటగా ఉంటే బట్టలు తగ్గించాలి.

చీర ఉయ్యాల మీద మనకెంతో మమకారం, నాకూ ఇష్టమే. కానీ అందులో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెడ నిలబడని బిడ్డ మెత్తటి ఊపిరిగొట్టం మడిచిన స్ట్రాలా మూసుకుపోగలదు. ఊపాలనుకుంటే పక్కనే ఉండి ఊపండి, నిద్రపట్టగానే తీసి గట్టి పక్కమీద వెల్లకిలా వేయండి. చాప మీద పలచటి బొంత చక్కగా సరిపోతుంది. ఆవాల దిండు అక్కర్లేదు, తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందే కాసేపు బోర్లా ఉంచితే మేలు. సాంబ్రాణి పొగ, సిగరెట్ పొగ రెండూ బిడ్డ ఉండే గదికి దూరంగా ఉండాలి. కనీసం ఆరు నెలలు మీ గదిలోనే, చేతికందే దూరంలో, వేరే పక్క మీద పడుకోబెట్టండి. నైట్ షిఫ్ట్ నుంచి అలసిపోయి వచ్చిన నాన్న బిడ్డని గుండెల మీద వేసుకుని సోఫాలో కునికిపాట్లు పడటం మాత్రం చాలా ప్రమాదం.

పసిబిడ్డలు రాత్రంతా ఎందుకు నిద్రపోరంటే, పగలూ రాత్రీ తేడా చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్ లయ మొదలవడానికే రెండు మూడు నెలలు పడుతుంది. నిద్రలో దాదాపు సగం కలల నిద్రే, మొహం కదులుతుంది, మూలుగుతారు. వెంటనే ఎత్తుకోకుండా ఒక్క నిమిషం ఆగి చూడండి, చాలాసార్లు వాళ్లే సర్దుకుంటారు. పొద్దున బాల్కనీలో వెలుగు చూపించి, రాత్రి పాలిచ్చేటప్పుడు లైటు తగ్గించండి, రాత్రి తల్లిపాలలో మెలటోనిన్ కూడా ఉంటుంది.

గుడ్డలో చుట్టే అలవాటుంటే, దొర్లడానికి ప్రయత్నిస్తున్న రోజునే మానేయాలి, బోర్లా పడ్డాక బొబ్బట్లు పంచేదాకా ఆగకండి. అప్పుడూ పడుకోబెట్టడం వెల్లకిలానే, కాకపోతే అటూ ఇటూ సొంతంగా దొర్లడం వచ్చేశాక, నిద్రలో తనంతట తాను బోర్లా తిరిగితే రాత్రంతా కాపలా కాసి తిప్పాల్సిన పనిలేదు.